రోబోకి ఆదివారం సెలవు

“మిషన్‌కి ఆదివారం సెలవెందుకప్పా? అదేమన్నా పెండ్లిండ్లకి పోవాల్నా?”

మునికృష్ణ ఆ మాట అనేసరికి పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్న అసోసియేషన్ సభ్యులంతా నవ్వారు. సెక్రటరీ శంకర్ మాత్రం నవ్వలేదు. రాయపురంలో కొత్తగా లేచిన ఆ అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకి ఊడ్చి తుడిచే రోబోని తెచ్చింది అతనే. అది పనికిరాదని తేలితే పదవి వదిలేస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. ఆ పదవికి జీతం లేదు గాని, కారు పెట్టుకోవడానికి నీడపట్టున చోటుంది. చెన్నై ఎండలో అది మంత్రి పదవికి తక్కువేం కాదు.

రోబో రాకముందు ఆ పని చెంగమ్మ చేసేది. వ్యాసర్పాడి నుంచి బస్సులో వచ్చి పోయేది. మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళిందంటే వరండాల నిండా నల్లటి పొడి. బకెట్టు పట్టుకుని అయిదంతస్తులూ మెట్లెక్కాల్సిందే, ఎందుకంటే పనివాళ్ళు లిఫ్టు వాడకూడదని గోడ మీద బోర్డుంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, లిఫ్టులో రానివ్వండి, వారానికి ఒక్కరోజు సెలవివ్వండి అని ఆవిడ ఒకసారి అడిగింది. దాని మీద రెండు మీటింగులు జరిగాయి. టీలు తాగారు, సమోసాలు తిన్నారు, ఒకరికిస్తే అందరూ అడుగుతారని తేల్చారు.

ఆ మరుసటి నెలలోనే రోబో దిగింది. చెంగమ్మ చీపురు అప్పజెప్పింది. “ఆడో ఈడో యాదో ఒక పని దొరక్కుండా పోదులే సార్” అని శంకర్‌తో చెప్పి, కుంటుకుంటూ గేటు దాటింది. శంకర్‌కి ఆ పూట అన్నం సయించలేదు. అయినా నీడలో ఉన్న కారుని చూసుకుని సర్దుకున్నాడు.

రోబోకి స్వచ్ఛ అని పేరు పెట్టారు. కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తొక్కించారు. పాపం అది మెట్లెక్కలేదు కాబట్టి లిఫ్టు ఇచ్చేశారు. దానికి ఒక్క మీటింగు కూడా అవసరం కాలేదు. సమోసాల ఖర్చు మిగిలింది.

మూడో రోజున స్వచ్ఛ నాలుగో అంతస్తులో ఒక గడపకి తగులుకుని, తన బకెట్టులో నీళ్ళు తన మీదే పోసుకుని పడిపోయింది. కంపెనీ నుంచి గిరి అనే ఇంజనీరు వచ్చి మూత విప్పి చూసి, పెదవి విరిచి వెళ్ళాడు. ఆ సాయంత్రం మునికృష్ణ ఇంటింటికీ వెళ్ళి, నేను ముందే చెప్పలేదా అని చెప్పి వచ్చాడు. శంకర్ ఎవరికీ మొహం చూపించలేదు, స్కూటరేసుకుని ఎటో పోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా అయిదంతస్తులూ తళతళలాడుతున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారని శంకర్ చెప్పాడు. ఇకమీదట అది పనిచేసే వేళ, అంటే పది నుంచి పన్నెండు దాకా, ఎవరూ తలుపులు తియ్యకూడదన్నాడు. మనుషులు ఎదురైతే సెన్సార్లు తికమకపడతాయట. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చార్జింగు. వేడెక్కకుండా జనరేటర్ పక్కనున్న గదిలో ఫ్యాను పెట్టించాలన్నాడు. అన్నిటికీ సరేనన్నారు. పనితనం అలా ఉంది మరి. ఇంతకుముందు కనబడ్డదల్లా తుడిచేసేది, ఇప్పుడు గడపల ముందు ముగ్గు చెరక్కుండా చుట్టూ తిరిగి తుడుస్తోంది. మూడో అంతస్తు రాజశ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాబట్టి ఆ కిటుకు అందరికీ విడమరిచి చెప్పింది. అది మన సంప్రదాయాన్ని గమనించి దానంతటదే నేర్చుకుంటోందట. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో కూడా పెట్టింది.

ఇలా అంతా సవ్యంగా సాగుతుంటే, ఈ ఆదివారం మధ్యాహ్నం శంకర్ మీటింగు పెట్టి రోబోకి వారానికో సెలవు కావాలన్నాడు.

“ఏడు రోజులూ తిప్పితే కీళ్ళు అరిగిపోతాయండీ” అన్నాడు.

“నూనె పొయ్యి” అన్నాడు మునికృష్ణ. “నేను రైల్వేలో ముప్పై ఏండ్లు చేసినా. ఇంజన్‌కి లీవు అడిగినోణ్ణి నిన్నే చూస్తుండా.”

అక్కడితో ఆగలేదు. గదిలోకి పోయి ఆ మిషన్‌ని అందరం ఒకసారి చూసొద్దాం పదండి, దానికి ఏం నొప్పో కనుక్కుందాం అంటూ లేచాడు. నలుగురైదుగురు కుర్చీలు వెనక్కి జరిపారు. శంకర్ గబగబా వాళ్ళకి అడ్డం వెళ్ళాడు. చార్జింగులో ఉన్నప్పుడు తలుపు తీస్తే గ్యారంటీ పోతుందని ఏదో గొణిగాడు. పదవి పోయినట్టేనని అతనికి అర్థమైపోయింది.

కాపాడింది రాజశ్రీయే. తామంతా ఏసీలో కూర్చుని పనిచేస్తూ వారానికి రెండు రోజులు సెలవు తీసుకుంటున్నామని, అది నోరు లేనిది కాబట్టి అడగలేకపోతోందని గట్టిగా వాదించింది.

“ఎంతైనా మనం మనుషులం అంకుల్” అంది చివరికి. “ఆ మాత్రం జాలి ఉండాలి కదా. దాన్నిప్పుడు లేపకండి.”

ఆ మాటకి చాలామంది మనసు కరిగింది. జరిపిన కుర్చీలు ముందుకొచ్చాయి. చేతులెత్తమంటే మునికృష్ణ తప్ప అందరూ ఎత్తారు. ఆ ఊపులో దీపావళికి స్వచ్ఛకి కొత్త కవరు కుట్టించాలని కూడా తీర్మానించారు. మునికృష్ణ కాలం పాడైపోయిందని తిట్టుకుంటూ లిఫ్టెక్కాడు.

కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అందరూ పైకి వెళ్ళారని నిశ్చయించుకున్నాక శంకర్ జనరేటర్ పక్క గది దగ్గరికి నడిచాడు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అటూ ఇటూ చూసి తలుపు మీద వేలితో మెల్లగా కొట్టాడు.

“సెలవు పాసయింది చెంగమ్మా.”