పూలాయన పబ్లిక్ టాక్

తమిళనాడు అంచున ఉన్న హోసూరులో శుక్రవారం కొత్త తెలుగు సినిమా పడిందంటే, ఆట వదలగానే మైకు ముందుకు మొదట ఉరికేది ముత్తే.

ఫ్యాక్టరీలో షిఫ్టు మార్పించుకుని మరీ వస్తాడు. అద్దం ముందు మాటలు సాధన చేసుకుని మరీ వస్తాడు.

"ఫస్టాఫ్ వేరే లెవెల్! సెకండాఫ్ కొంచెం ల్యాగ్! ఇంటర్వెల్ మాత్రం అదిరిపోయింది!"

అచ్చం హైదరాబాదు వాళ్ళలాగే అంటాడు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒక్క ముక్క బయటపడనివ్వడు.

మైకు పట్టుకునే అమ్మాయి పేరు భూమిక. ఊళ్ళో చిన్న యూట్యూబ్ ఛానెల్‌లో పని. ఆమె వీడియోలో కనిపించడమంటే ముత్తుకు ప్రాణం.

ఆ శుక్రవారం ముత్తు తన మాటలు ముగించాడో లేదో, వెనకనుంచి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పంచె, భుజాన తువ్వాలు, ఒక కాలికే చెప్పు.

"సినిమా ఎలా ఉందండీ?" అంది భూమిక.

"ముందు సీట్లో ఆయనకి తల పెద్దదమ్మా. సగం సినిమా కనపడలే. కనపడిన సగం బాగుంది."

చుట్టూ జనం గొల్లుమన్నారు.

"మరి క్లైమాక్స్?"

"చెప్పు ఒకటి సీటు కిందికి పోయె. ఎతికి తల ఎత్తేలోపల విలన్ సచ్చిపోయినాడు. ఎవురు సంపినారో నువ్వే చెప్పల్ల."

"మీ పేరు?"

"అంజనప్ప. మాది పక్కన తళి ఊరు. పూలు మార్కెట్లో దించేసి ఇట్ల వచ్చినాను."

వీడియో ఊరంతా తిరిగింది. ముత్తు మాటలు మాత్రం కత్తిరించేశారు.

ఇంట్లో భార్య పరిమళ ఫోను పట్టుకుని పడీ పడీ నవ్వుతోంది.

"చూస్తివా, పూలాయన ఎంత బాగా చెప్పినాడో! నువ్వూ ఉండావు, ఏం చెప్తావో నాకే అర్థం కాదు."

కట్టుకున్న పెళ్ళాం కూడానా! ముత్తు అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మరుసటి శుక్రవారం ముత్తు మైకు దగ్గరికి వెళ్తే, భూమిక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగన్నా. ఆయనది అయిపోనీ."

ఆగాలట! ముత్తు ఆగాలట!

"బస్సు తప్పిపోయిందమ్మా. ఫైటు కాడినుంచి చూసినాను" అంటున్నాడు అంజనప్ప. "ఎందుకు కొట్టుకుంటా ఉండారో తెలీలే. ఎట్లనో మనవాడే గెలిచినాడు, అది చాలు."

ఈలలు, చప్పట్లు. ఇందులో అంత ఈల వేయాల్సింది ఏముందో ముత్తుకు అర్థం కాలేదు. అలా ప్రతి శుక్రవారం ఆయనకే జనం. ఆయన్ని చూస్తే చాలు, ముత్తుకు ఒళ్ళు మండేది.

చివరికి ఒకరోజు ఆట మొదలవకముందే, థియేటరు ఎదుట టీకొట్లో ఆయన పక్కన చేరాడు.

"ఏమప్పా, నిన్ను చూసి జనం ఎందుకు నవ్వుతారో తెలుసునా?"

"సంతోషానికి నవ్వుతారు గదప్పా."

"సంతోషమా! మన తెలుగును చూసి ఆంధ్రావాళ్ళు ఎగతాళి చేస్తా ఉండారు. ఇది తెలుగా, అరవమా, కన్నడమా అని అడుగుతా ఉండారు. ఛానెల్ ఓనరు కోపం ఆ పాప మీద పడింది. ఇట్లాంటోళ్ళకి మైకు ఇస్తావా అని పనిలోనుంచి తీసేస్తాడంట."

అన్నీ అప్పటికప్పుడు పుట్టించిన అబద్ధాలే.

అంజనప్ప చేతిలోని టీ పంచె మీద ఒలికింది. తుడుచుకోలేదు.

"నా వల్లనా? ఆ పాపకి పని పోతాదా?"

"పోక? నువ్వు ఈ పక్కకి రాకుంటే చాలు."

"నాకి తెలీలేదప్పా. యాడో సేన్లో మాట్లాడేది ఈడ మాట్లాడేసినాను." ఆయన చేతులు జోడించాడు. "చెప్పి మేలు చేసినావు."

కొన్న టికెట్టు ముత్తు చేతిలో పెట్టి తళి బస్సెక్కాడు.

ముత్తు ఆ టికెట్టుతోనే సినిమా చూశాడు. పరమ చెత్త సినిమా. అయినా అంత హాయిగా ఏ సినిమా చూసి ఎరగడు.

ఆ తరువాత అంజనప్ప రాలేదు. మైకు ముందు మళ్ళీ ముత్తే. "వేరే లెవెల్!" అన్నాడు. కింద కామెంట్లన్నీ ఒకటే: పూలాయన ఏడి? పూలాయన ఏమైనాడు?

కొన్ని వారాలకు ఆ కామెంట్లూ ఆగిపోయాయి. చూసేవాళ్ళే లేరు.

ఒక శుక్రవారం ముత్తు ఎప్పటిలాగే ఉరికి వస్తే, భూమిక మైకు సంచిలో సర్దేస్తోంది.

"ఈరోజుతో సరి అన్నా. ఎవురూ చూడలేదని ఓనరు నన్ను వద్దనేసినాడు. సోమవారం నుంచి జూజువాడి పక్క కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతాను."

ముత్తు ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ... ఆ పూలాయన్ని పిలవకపోయినావా?"

"కాళ్ళు పట్టుకొని పిలిచినాను. ఆయన మాట్లాడితే నా పని పోతాదని ఎవురో చెప్పినారంట. అది అబద్ధమని ఎంత చెప్పినా వినలే. నీకు కీడు చేసేదానికి నేను రానంటాడు."

ముత్తుకు తల ఎత్తబుద్ధి కాలేదు. చేసింది చిన్న పనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"నేను పోయి పిలుచుకొని వస్తాను. ఇప్పుడే పోతాను. తళిలో ఆయన ఇల్లు యాడ?"

"ఇప్పుడు పోయి ఏం చేస్తావన్నా?" భూమిక సంచి భుజానికి తగిలించుకుంది. "ఆయనకి సినిమా చూసే అలవాటే లేదు. నువ్వొకడివి తప్ప నా మైకు ముందర ఎవురూ నిలబడలేదని నేను ఇంట్లో ఏడిస్తే, టికెట్టు కొనుక్కొని వచ్చి తెలీనోని మాదిరి నిలబడినాడు, మా నాయన."