కదలని లెన్స్

"అమ్మా, పైకి చూసి ఒక్కసారి రెప్ప వెయ్యి."

కంట్లో పెట్టుకునే రంగు లెన్సుల దుకాణం మెట్ల మీద నిలబడ్డ పెద్దాయన, బయటికొస్తున్న కాలేజీ అమ్మాయిని అడిగాడు.

ఆ అమ్మాయి బెదిరిపోయి గబగబా వెళ్లిపోయింది.

లోపలున్న సేల్స్ గర్ల్ ఒంటికాలి మీద లేచింది. ఈయనకు రోజూ ఇదే పని. దుకాణంలో అందరూ 'రెప్పల బాబాయ్' అని పేరు కూడా పెట్టేశారు.

"మీకేం పనీపాటా లేదా? ఆడపిల్లల కళ్లలోకి తొంగిచూడ్డానికి సిగ్గు లేదూ?"

"తిట్టమ్మా, ఫర్వాలేదు. రెప్ప వేసినప్పుడు లెన్స్ కాస్త కదలాలి. బిగుసుకుపోతే కంటికి గాలాడదు. నీ కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఏదీ, నువ్వోసారి..."

ఆమెకు నవ్వొచ్చింది. జారదు, కదలదు అని ఊదరగొట్టే కదా ఆమె ఆ లెన్సులు అమ్మేది! కంటి కొలత చూసే ఓపిక అక్కడెవరికీ లేదు. అందరికీ ఒకటే సైజు. ఎవరైనా బిగుతుగా ఉందంటే, జవాబు ఆమె నాలుక చివరే ఉండేది.

"రెండు రోజుల్లో అలవాటైపోతుంది."

తను పెట్టుకున్నవీ అవే, నీలం రంగువి.

"వాచ్‌మన్! ఈయన్ని మెట్లు దించు. మళ్లీ కనిపిస్తే పోలీసులకు చెప్తా."

పెద్దాయన మెట్లు దిగాడు. మలుపు దాకా వెనక్కి తిరిగి ఆమె కళ్లకేసే చూస్తూ వెళ్లాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కొద్దిరోజులకే ఎడమకన్ను కారం కొట్టినట్టు మండింది. తీయబోతే లెన్స్ ఊడి రాలేదు. అంత గట్టి సరుకన్నమాట అనుకుని అలాగే పడుకుంది. తెల్లారేసరికి ఆ కంటికి అంతా మసక.

కళ్ల ఆసుపత్రిలో డాక్టరమ్మ లైటు వేసింది.

"పైకి చూసి ఒక్కసారి రెప్ప వెయ్యి."

అచ్చం ఆ పెద్దాయన అన్న మాటే!

"లెన్స్ కదలడమే లేదు, కంటికి అతుక్కుపోయింది. కింద పుండు పడింది. ఎర్రబడ్డప్పుడే తీసేసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు పుండు మానినా మచ్చ మిగులుతుంది. చూపు మునుపటిలా రాదమ్మా."

కంట్లో మందు వేయించుకుని తడుముకుంటూ బయటికొచ్చింది. వరండా బెంచీ మీద ఆ పెద్దాయన! పక్కన నల్లద్దాల అమ్మాయి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆమెకు దుఃఖం ఆగలేదు.

"బాబాయ్, మీరు చెప్పినా నేను వినలేదు. నన్ను క్షమించండి."

ఆ గొంతు వినగానే నల్లద్దాల అమ్మాయి ఉలిక్కిపడింది.

"నాన్నా! రెండు రోజుల్లో అలవాటైపోతుందని నాకు చెప్పింది ఈ అక్కే!"

పెద్దాయన కూతురి చెయ్యి నిమిరాడు.

"తెలుసమ్మా. నిలదీద్దామనే వెళ్లాను. తీరా చూస్తే, తన కళ్లలోనూ అవే లెన్సులు."