ఇంజన్ బ్రేకు

"సమ్మె నీ డిపోల చేసుకో. ఇంటి ముందటి బండికి ఏం సమ్మె?" గుల్షన్ బేగం ఆ మాట అనడం పొద్దటి నుంచి ఇది నాలుగోసారి.

"సమ్మె కాదంటున్న గదా. పార్టు లేదు," బస్సు కింద నుంచే అన్నాడు ఆమె మొగుడు అబ్బాస్.

"మూడు దినాల సంది గదే మాట."

మానుకోట డిపోలో అబ్బాస్ మెకానిక్. తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి రోజూ డిపో గేటు ముందు టెంటులో కూర్చుంటున్నాడు. ఆర్టీసీ బస్సులు లేవు. తన పాత బస్సు బాగైతే వరంగల్‌కు డబుల్ చార్జీతో ట్రిప్పులు కొట్టుకోవచ్చని ప్రైవేటు బస్సు ఓనరు జగపతి దాన్ని ట్రాక్టరుతో లాగించి ఈ గుమ్మం ముందు పెట్టాడు. పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించే ఇంజన్ బ్రేకుకు గాలి వదిలే సోలనాయిడ్ వాల్వు ఇరుక్కుపోయింది. పొగ పోయే దారి మూసుకుపోయి, స్టార్టు చేస్తే చాలు, బండి నల్లగా దగ్గి ఆగిపోతోంది. అసుంటిదే ఇంకోటి లారీల దగ్గర దొరుకుతుందేమోనని జగపతి పొద్దున్నే కేసముద్రం మార్కెట్‌కు పోయాడు.

లోపల పెద్ద బిడ్డ జువేరియాకు తొమ్మిదో నెల. బీపీ ఎక్కువుంది, నొప్పులు రాకముందే వరంగల్ తీసుకుపొమ్మని డాక్టరమ్మ రాసిచ్చింది. పట్టాల మీద జనం కూర్చున్నారు, రైళ్లు లేవు. ఆటోలూ బందే.

"అబ్బా, ఆపాకు నొప్పులు లేస్తున్నయ్," చిన్నది ఇరం అక్క దగ్గర నుంచి తండ్రి దగ్గరికి ఉరికొచ్చింది.

గుల్షన్ 108కు ఫోన్ చేసింది. విని, ఫోన్ దించేసింది. "వేరే కేసు మీద పోయిందట. ఎప్పుడొస్తదో చెప్పలేరట."

అబ్బాస్ సోలనాయిడ్‌ను విప్పి తెచ్చి కిరసనాయిల్లో ముంచాడు. తుడిచి, రెండు వైర్లు బ్యాటరీకి ఆనించాడు. బాగుంటే లోపలి కడ్డీ టక్కుమనాలి. అనలేదు. అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయి, మళ్లీ కిందికి దిగింది.

"జగపతి వచ్చేదాక చూద్దాం."

"లోపలున్న పసిగుడ్డుకు చెప్పు, జగపతి వచ్చేదాక చూడమని."

జువేరియా గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కాళ్లు బూరల్లా ఉబ్బి ఉన్నాయి. "అబ్బా, నాకు కండ్లు మసకయితున్నయ్," అంది.

అబ్బాస్ ఆమె మొహం వైపు చూశాడు. స్పానర్ ఒక్కటి పట్టుకుని బస్సు కిందికి దూరాడు. గాలి బుస్సుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత స్పానర్ నాలుగైదు చుట్లు తిరిగింది. బయటికి వచ్చి, చేతులైనా తుడుచుకోకుండా సీటెక్కి తాళం తిప్పాడు.

బస్సు ఒళ్లంతా ఊగి, శుభ్రంగా మోగింది. నల్లపొగ లేదు.

"బాగయిందా? ఎట్ల?" గుల్షన్ నమ్మలేదు.

"ముందుగాల ఎక్కుండ్రి."

డిపో ముందు రోడ్డుకు అడ్డంగా బెంచీలున్నాయి. టెంటులోంచి మనుషులు లేచారు. స్టీరింగు వెనక అబ్బాస్‌ను చూసి ఒకడు "నువ్వేనా అన్నా?" అన్నాడు. వాడి చూపు జువేరియా మీద పడింది. బెంచీలు పక్కకు జరిపారు. అబ్బాస్ వాళ్ల వైపు తలెత్తలేదు.

ఊరు దాటాక గుల్షన్ ఊరుకోలేకపోయింది. బిడ్డ తల ఒళ్లో పెట్టుకునే అడిగింది.

"జర జల్ది పోనీయరాదు?"

"ఇంజన్ బ్రేకు లేదు. గింతకన్న ఉరికిస్తే ఆపలేను."

"అది లేకుంట బండి ఎట్ల నడుస్తది మరి?"

"దానికి గాలి పోయే తొవ్వకు బోల్టు బిగించిన. ఆ బ్రేకు ఒక్కటే పనిచెయ్యది. బండి నడుస్తది."

"గింతేనా?" అంది గుల్షన్. "ఒక్క బోల్టు కోసమా మూడు దినాలు నా బిడ్డ పానం మీదికి తెచ్చినవ్? యాడ దొరికింది అది ఇప్పుడు?"

అబ్బాస్ అద్దంలో జువేరియాను చూశాడు, పక్కన ఆమె చెయ్యి పట్టుకున్న ఇరంను చూశాడు. తర్వాత అందరికీ వినపడేట్టు, మెల్లగా అన్నాడు.

"మొదటి దినం నుంచి నా జేబులనే ఉంది, సమ్మెల జగపతి బండి నడువద్దని. బిడ్డను దవాఖానల దించినంక మళ్ల జేబులకే పోతది. జగపతి అడిగితే, బండి తొవ్వల ఆగిపోయిందని చెప్పుండ్రి."