రెండు మాయలు

సాయిలు బండి కట్టాడు. మొన్ననే కవలల్ని కన్న భార్య బాలనర్సమ్మను, పిల్లలతో సహా పక్క ఊరు ప్రొద్దుటూరులో పుట్టింటి దగ్గర దింపి రమ్మని, మళ్లీ సురంగల్ తీసుకురావద్దని అతని తల్లి పెంటమ్మ తేల్చి చెప్పింది. కాన్పులో పిల్లల వెనుక రెండు మాయలు పడ్డాయి. తండ్రులు ఇద్దరైతే తప్ప అలా పడవని పెంటమ్మ పట్టు.

మంత్రసాని బీరమ్మ వచ్చి ఎడ్లకు అడ్డంగా నిలబడింది. ఊళ్లో మనుషులకూ పశువులకూ పురుడు పోసేది ఆమే.

"మొన్న మీ మేక రెండు పిల్లలు పెట్టె. రెండు మాయలు పడె. సురంగల్ మొత్తానికి ఉన్నది ఒక్క మేకపోతే గద సాయిలూ?"

సాయిలు ఎడ్ల వైపు చూశాడు.

బీరమ్మ తాను చూసినవన్నీ చెప్పుకొచ్చింది. బర్రె కడుపులో దూడ గుండీలు పెట్టుకున్నట్టు ఎన్నోచోట్ల పట్టుకుంటుందట. పందిపిల్ల గోడకంటిన తడిబట్టలా ఊరికే ఆనుకుని ఉంటుందట. కుక్కపిల్లయితే చుట్టూ పట్టీ కట్టుకుంటుందట. సాయిలు పగ్గం పట్టుకుని నోరు తెరిచి విన్నాడు.

"మరి మనిషి బిడ్డ ఎట్ల ఉంటది అవ్వా?"

"మనిషి బిడ్డ అట్ల ఊకోదు బిడ్డా. తల్లి మాంసంల వేరు పెడ్తది. అందుకే కాన్పుల గంత నెత్తురు. ఇద్దరొస్తే ఎవరి జాగ వాళ్లు చూసుకుంటరు."

సాయిలు మెల్లగా, బండిలో బాలనర్సమ్మ ఒళ్లోని పిల్లల మీద కప్పిన రేషన్ కంట్రోలు బట్ట తొలగించాడు. ఉసిరికాయంత పిడికిళ్లు నాలుగు. కన్ను తెరవకముందే, ఎవరూ చూపించకుండానే, ఇంత చిన్న ప్రాణాలు ఆ చీకట్లో తమ చోటు వెతుక్కున్నాయి. అతను బాలనర్సమ్మ ముఖం వైపు చూడబోయాడు.

పెంటమ్మ అడ్డం వచ్చింది. బండి కదలాల్సిందేనంది.

"గొడ్ల ముచ్చట నాకెందుకే బీరమ్మా? మనుషులకు రెండు మాయలు పడంగ ఎన్నడన్న చూసినవా?"

బీరమ్మ తల దించుకుని అంది:

"ఒక్కపాలి చూసిన. అప్పుడు నీకు సోయి లేకుండె పెంటమ్మా, తర్వాత చెప్పనీకె నాకు నోరు రాలె. ఒక మాయ చచ్చి పుట్టిన ఆడపిల్లది, ఇంకోటి ఈ సాయిలుది."