ఎర్ర ముద్ర

ఆ రోజు హనుమకొండలోని ఒక లా కాలేజీలో చర్చ ముద్ర చట్టం మీద. యంత్రాలు ఎవరి గొంతునైనా అచ్చు దించేస్తున్న కాలం. ఒకసారి ఇచ్చిన గొంతు నమూనాతో పోల్చి, అసలు గొంతుకు పచ్చ ముద్ర, నకిలీకి ఎర్ర ముద్ర ఫోనే వేస్తుంది. ఎర్ర ముద్ర పడిందంటే వినకుండా కట్ చేయాల్సిందేనని రజిత వాదిస్తోంది.

అంతలో ఆమె ఫోన్ మోగింది. బాపు నంబరే. ఎత్తి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టింది.

"బిడ్డా, అమ్మ పడిపోయింది. జల్ది రా..." అని వెక్కివెక్కి ఏడుస్తున్న గొంతు. వెంటనే ఎర్ర ముద్ర పడింది. క్లాసంతా నవ్వింది.

"మా బాపు ఏడ్వడు సార్," అని రజిత కట్ చేసింది.

కూర్చుందే గానీ ఫోన్ వంకే చూస్తోంది.

"మీ బాపు గొంతు నమూనా ఎప్పుడిచ్చిండమ్మా?" అని నెమ్మదిగా అడిగారు చర్చ నడిపిస్తున్న యాదగిరి సార్.

"నాకు సీటొచ్చిన రోజు సార్. నవ్వుకుంట ఇచ్చిండు."

బాపు ఏడుపు తనెన్నడూ వినలేదు. ఫోనూ వినలేదు.

రజిత బయటికి పరుగెత్తి తిరిగి ఫోన్ చేసింది. "బాపూ" అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది.

అవతల ఫోన్ కట్ అయింది. ఎర్ర ముద్ర పడితే ఎవరి మాటా వినొద్దని ఆయనతో ఒట్టు వేయించుకున్నది తనే.