చివర్లో ఒక 'అంట'

రాయదుర్గంలోని మా ఆఫీసు వార్షికోత్సవంలో హౌస్‌కీపింగ్ పోచమ్మ సొంతంగా పాట కట్టి పాడింది. పక్కన కూర్చున్న విదేశీ క్లయింటుకు దాన్ని ఇంగ్లీషులో చెప్పే పని నా నెత్తిన పడింది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని పేరు, అదే నా ఖర్మ.

"మా దేశంల ఇంటింటికీ పామంట,
ఏనుగెక్కి డ్యూటీకొస్తమంట,
బువ్వ లేక గాలి తింటమంట,
ఆడోళ్లకు నోరే లేదంట!"

మన గురించి బయటివాళ్లు అనుకునేవన్నీ ఏకరువు పెట్టి ఆటపట్టించే పాట అది. హాలంతా పగలబడి నవ్వుతోంది. పాట వేగం అందుకోలేక నేను ప్రతి చరణం చివరా 'అంట'ను వదిలేశాను. పాము, ఏనుగు, ఆకలి మాత్రం పొల్లుపోకుండా చెప్పాను.

వీళ్లెందుకు నవ్వుతున్నారన్నట్టు ఆయన చుట్టూ చూశాడు. పాట అయ్యేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. లేచి వెళ్లి పోచమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

నేను పరుగున వెళ్లి, "సార్, ఒక మాట వదిలేశాను. ప్రతి వాక్యం చివరా 'అని అందరూ అంటారు' అని ఉంది," అన్నాను.

ఆయన బరువుగా తలూపాడు.

"అవును. మేమూ అలాగే విన్నాం."

ఆయన ఇంకా ఆమె చేతులు వదల్లేదు. పోచమ్మ మురిసిపోతూ నా వైపు తిరిగింది.

"ఏమంటుండు బిడ్డా? నా పాట సమజైందా?"

"అయిందంట," అన్నాను.