అబెలోనె కత్తెర

"నిన్న గుండెల దాకా ఉన్న గడ్డం ఇవాళ దవడ దగ్గరే ఆగిందేంటయ్యా? మళ్లీ మొదలెట్టాలా?" చిత్రకారుడు కుంచె విసిరికొట్టాడు.

కిటికీ పక్కన వల బాగుచేస్తున్నట్టు కూర్చున్న జాలరి థోగర్ నవ్వాడు. "మా ఆవిణ్ణి అడగండి. కత్తెర ఆవిడదే."

"చెయ్యి జారిందయ్యగారూ," అంది పక్కనే నిలబడ్డ అతని భార్య అబెలోనె.

"పోయినవారం మీసం పోయిందీ అలాగేనా? ఈ బొమ్మ ఇవాళ పూర్తిచేసి తీరతాను!"

థోగర్ పైపు ముట్టించుకోవడానికి బయటికి వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది. "బొమ్మ అయిపోతే రేపు పడవెక్కుతాడు. నేను చెప్తే ఆగడు. మీ ముందైతే కూర్చుంటాడు."

చిత్రకారుడు కిటికీలోంచి చూశాడు. జట్లాండ్ తీరాన నవంబరు సముద్రం ఇసుకదిబ్బల ఎత్తున లేస్తోంది.

థోగర్ తిరిగొచ్చేసరికి ఆయన బొమ్మలోని ముక్కును చాకుతో గీకేస్తున్నాడు.

"ఇది కుదరలేదయ్యా. ఏప్రిల్ దాకా రోజూ రావాలి."

"నా ముక్కుకు అయిదు నెలలా!" థోగర్ అద్దం కోసం వెతికాడు.